కారులో రేడియో బిగించాడు.. మోటరోలా కట్టాడు!

నాది శ్రీకాకుళం జిల్లా. బీటెక్ ఈసీఈ అయిపోయిన ఏడాది చేతిలో డిగ్రీ ఉంది, ఆఫర్ లెటర్ లేదు. విశాఖకు బస్సెక్కి పరీక్షలు రాయడం, రాత్రికి ఇంటికి రావడం, మళ్లీ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూడటం. మీలో చాలామంది ఇప్పుడు అదే చేస్తున్నారని తెలుసు. ఆ ఖాళీలో విజయనగరంలో కారు డెకార్స్ షాపు నడిపే మా బావ దగ్గర కొన్ని నెలలున్నాను. సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, స్టీరియోలు.. అదీ పని.

ఒకరోజు ఒక కారుకి కంపెనీ స్పీకర్లు తీసేసి కొత్తవి పెట్టాం. డిక్కీలో ఆంప్లిఫయరు, సబ్‌ఊఫర్ బిగించాం. వైరింగ్ మొత్తం నేనే చేశాను. పాట అదిరిపోయింది. ఇంజిన్ స్టార్ట్ చేసే వరకే ఆ సంబరం! స్టార్ట్ చేయగానే పాట వెనక సన్నగా ఒక కీచు. యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతోంది, వదిలితే తగ్గుతోంది. నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివిన నాకు అదేంటో అర్థం కాలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక అసలు సంగతి తెలిసింది. ఆంప్లిఫయర్ గ్రౌండ్ వైరుని బాడీ పెయింట్ మీదే బోల్టు వేసి బిగించేశాను. పైగా పవర్ వైరునీ, ఆడియో సిగ్నల్ వైరునీ పక్కపక్కనే లాగాను. పెయింట్ గీకి ఇనుముకి నేరుగా బిగించి, రెండు వైర్లనూ కారుకి చెరో పక్కకీ మార్చాక కీచు పోయింది.

ఇంట్లో మాత్రం గోల పోలేదు. ఇంజినీరింగ్ చదివించింది కార్లకి స్పీకర్లు బిగించడానికా అని అమ్మ బాధ. చుట్టాల ముందు ఏం చేస్తున్నాడని అడిగితే ఏం చెప్పాలో నాన్నకి తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గుగానే ఉండేది. ఆ రోజుల్లోనే కీచు శబ్దం గురించి వెతుకుతూ వెతుకుతూ పాల్ గాల్విన్ కథ దగ్గరికి చేరాను. మీ జేబులో మోటో ఫోన్ ఉంటే వెనక్కి తిప్పి ఆ ఎం గుర్తు చూడండి. ఆ కంపెనీకి మోటరోలా అన్న పేరు ఫోన్ వల్ల రాలేదు. కంపెనీ నుంచి వచ్చిన కారులో బయటి నుంచి కొని బిగించుకునే రేడియో వల్ల వచ్చింది.

ఆ హార్వర్డ్ వేరు

పాల్ గాల్విన్ 1895 జూన్‌లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, హార్వర్డ్ అనే ఊళ్లో పుట్టాడు. పేరు చూసి యూనివర్సిటీ అనుకునేరు! అది వేరే చోట ఉంది. ఇది పాడి రైతుల చిన్న ఊరు. రైళ్లు ఆగే ఊరు కూడా. పలాసలో రైలు ఆగగానే జీడిపప్పు పొట్లాలతో కిటికీల దగ్గరికి వచ్చేవాళ్లని చూసే ఉంటారు. పదమూడేళ్ల వయసులో పాల్ చేసిన పని అలాంటిదే. ఆగిన రైళ్లలో ప్రయాణికులకి పాప్‌కార్న్ అమ్మాడు. రైలు ఆగేది కాసేపే. ఆ కాసేపట్లో ఎవరికి ఆకలేస్తోందో కనిపెట్టి వాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి. అతని మొదటి వ్యాపార పాఠం అది.

యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్‌లో రెండేళ్లు చదివి మధ్యలోనే మానేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫిరంగి దళంలో అధికారిగా ఫ్రాన్స్ వెళ్లాడు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి షికాగోలో బ్యాటరీలు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. ఇక్కడొక విషయం గుర్తుపెట్టుకోండి. రేడియో ప్రపంచంలో అంత పెద్ద పేరు తెచ్చుకున్న ఈ మనిషికి ఇంజినీరింగ్ డిగ్రీ లేదు. అతనికున్నది ఇంజినీర్ల మాట ఓపిగ్గా వినే అలవాటు, పని ఎక్కడ ఆగిందో గుర్తుపట్టే చూపు.

రెండుసార్లు తాళం పడింది

1921లో గాల్విన్, తన స్నేహితుడు ఎడ్వర్డ్ స్టువర్ట్‌తో కలిసి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్‌లో సొంతంగా బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టాడు. బ్యాటరీ అంటే సీసం. సీసం అంటే బరువు. కొనేవాళ్లు ఎక్కడో పెద్ద నగరాల్లో, ఫ్యాక్టరీ ఎక్కడో దూరంగా చిన్న ఊళ్లో. రవాణా ఖర్చులే మింగేశాయి. 1923లో పన్ను బకాయిల కింద ప్రభుత్వం ఫ్యాక్టరీ మూసేసింది. భాగస్వాములిద్దరూ మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేసరికి తలుపుకి తాళం పడిందనీ, పాల్ ఓవర్‌కోటు లోపలే ఉండిపోయిందనీ చెబుతారు.

అప్పటికి పెళ్లయింది. ఇల్లు గడవాలి. షికాగో తిరిగొచ్చి బ్రాక్ అనే మిఠాయిల వ్యాపారి దగ్గర ఉద్యోగంలో చేరాడు. నిన్నటిదాకా యజమాని, ఇవాళ ఇంకొకరి కింద ఉద్యోగి. ఆ మార్పు ఎలా ఉంటుందో ఊరు వదిలి వెళ్లి పనిచేసే మన జిల్లాల వాళ్లకి వివరించి చెప్పక్కర్లేదు.

1926లో మళ్లీ స్టువర్ట్‌తోనే, ఈసారి షికాగోలో రెండో ప్రయత్నం. బ్యాటరీలతో పాటు బ్యాటరీ ఎలిమినేటర్ అనే పరికరం తయారుచేశారు. అప్పట్లో ఇళ్లలో రేడియోలు బ్యాటరీల మీదే నడిచేవి. అవి అయిపోతూ ఉండేవి, మారుస్తూ ఉండాలి. ఇంట్లో గోడకి వచ్చే కరెంటుతోనే ఆ రేడియోని నడిపించే పెట్టె ఈ ఎలిమినేటర్. ఇప్పటి అడాప్టర్‌కి తాతలాంటిది అనుకోండి. ఆలోచన బాగుంది, కంపెనీ నిలబడలేదు. 1928లో అప్పులవాళ్లు దాన్నీ మూయించారు.

ముప్పై మూడేళ్లు. రెండు ఫ్యాక్టరీలు పోయాయి. ఇంట్లో చిన్న కొడుకు. మన ఊళ్లో అయితే జాతకం చూపించమని ఎవరో ఒకరు అనేవారే. గాల్విన్ ఏం చేశాడంటే, మూతపడిన తన కంపెనీ సామాను వేలం వేస్తుంటే ఆ వేలానికే వెళ్లాడు. మిగతావన్నీ వదిలేసి ఎలిమినేటర్ విభాగాన్ని మాత్రం 750 డాలర్లకి పాడుకున్నాడు. మునిగిన పడవలో పనికొచ్చే చెక్క ఏదో అతనికి తెలుసు.

ఐదుగురు మనుషులు, 565 డాలర్లు

1928 సెప్టెంబరు 25న తమ్ముడు జో గాల్విన్‌తో కలిసి గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ కార్పొరేషన్ మొదలుపెట్టాడు. షికాగోలోని హారిసన్ వీధిలో అద్దెకి తీసుకున్న కొంత జాగా. చేతిలో నగదు 565 డాలర్లు. పనివాళ్లు ఐదుగురు. మొదటి వారం జీతాల మొత్తం 63 డాలర్లు.

ఎలిమినేటర్లు కొన్నాళ్లు బాగానే అమ్ముడుపోయాయి. అయితే ఆ వ్యాపారానికి ఆయుష్షు తక్కువని గాల్విన్‌కి త్వరగానే అర్థమైంది. నేరుగా ఇంటి కరెంటు మీద నడిచే రేడియోలు మార్కెట్లోకి వచ్చేస్తున్నాయి. రేడియోనే గోడకి తగిలించుకునే రోజొస్తే ఎలిమినేటర్ ఎవరికి కావాలి? దాంతో కంపెనీ రేడియోలే తయారుచేసి వేరేవాళ్ల పేరు మీద అమ్మడానికి ఇవ్వడం మొదలుపెట్టింది. అంతలో 1929 అక్టోబరులో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆర్డర్లు రద్దయ్యాయి. తర్వాతి నాలుగేళ్లలో పరిస్థితి ఎంతదాకా వెళ్లిందంటే, 1933 నాటికి అక్కడ పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. గాల్విన్ కంపెనీకి ముందున్నది ఒకటే దారి. అందరూ చేసే ఇంటి రేడియో కాకుండా ఇంకేదైనా చేయాలి. అదీ త్వరగా.

కారు ఒక పక్క, రేడియో ఒక పక్క

అప్పటికి కారు రేడియో బొత్తిగా కొత్త ఆలోచన కాదు. డబ్బున్నవాళ్లు కొందరు ప్రత్యేకంగా చెప్పి చేయించుకునేవారు. అది ఖరీదైన ముచ్చట. మామూలు కారుకి, మామూలు ధరలో, ఏ మెకానిక్ అయినా బిగించగలిగేలా రేడియో చేయగలమా అన్నది గాల్విన్ ప్రశ్న. విలియం లియర్, ఎల్మర్ వేవరింగ్ అనే ఇద్దరు కుర్రాళ్లు అప్పటికే ఆ పిచ్చిలో ఉన్నారు. ముగ్గురూ కలిశారు. గాల్విన్ సొంత స్టూడీబేకర్ కారే వాళ్ల ప్రయోగశాల అయింది.

ఇప్పుడు మన కోర్సులో ఉన్న సంగతులే వాళ్లకి ఎదురైన చిక్కులు.

మొదటిది గరగర. పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉంటుంది కదా. మార్కోనీ కాలపు తొలి వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్లు పనిచేసింది కూడా స్పార్కుతోనే. అంటే ప్రతి స్పార్క్ ప్లగ్గూ ఓ బుల్లి రేడియో స్టేషనే, కాకపోతే అది ప్రసారం చేసేది గోల మాత్రమే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2,000 సార్లు తిరిగితే, నిమిషానికి 4,000 స్పార్కులు. అవన్నీ పాటలోకి చొరబడతాయి. డిస్ట్రిబ్యూటర్ ఒక గోల, జనరేటర్ ఇంకో గోల. వీళ్లు చేసింది ఒకటే. గోల ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కొక్క మూలా వెతుక్కుంటూ పోయారు. ఇగ్నిషన్ దారిలో రెసిస్టర్లు, జనరేటర్ దగ్గర కండెన్సర్, వైర్లకి లోహపు తొడుగు. ఒకటి ఆపితే దాని వెనక దాక్కున్న ఇంకొకటి వినపడేది. మళ్లీ దాని వెంట పడాలి.

రెండోది కరెంటు. అప్పటి కారు బ్యాటరీ ఆరు వోల్టులు. రేడియో లోపలి వాక్యూమ్ ట్యూబులకి అంతకంటే ఎన్నో రెట్ల వోల్టేజి కావాలి. అందుకని కారు నేల కింద వేరే డ్రై బ్యాటరీలు పెట్టాల్సి వచ్చింది. మూడోది యాంటెన్నా. అప్పటి చాలా కార్ల పైకప్పులో నడిమి భాగం గుడ్డ. ఆ గుడ్డ లోపల వైరు పరిచారు. నాలుగోది కుదుపులు. గాజు ట్యూబులు గతుకుల రోడ్డు మీద బతకాలి. ఐదోది జాగా. డ్యాష్‌బోర్డు వెనక ఖాళీ చేసింది ఎవరు గనక? రేడియో డబ్బా ఒకచోట, స్పీకర్ ఇంకోచోట, కంట్రోల్ స్టీరింగ్ దగ్గర. బిగించాలంటే సగం కారు విప్పాల్సిందే.

ఇక్కడ ఒక కథ చెబుతారు. బ్యాంకు అప్పు కోసం వెళ్లిన గాల్విన్, ఆ బ్యాంకరు నమ్మాలని అతని ప్యాకార్డ్ కారులోనే రేడియో బిగించి ఇచ్చాడట. అరగంట తిరక్కుండానే కారుకి నిప్పంటుకుందట. అప్పు రాలేదని వేరే చెప్పక్కర్లేదు. నవ్వొచ్చే కథే గానీ, నేటికీ అందులో పాఠం ఉంది. బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి లాగే వైరుకి బ్యాటరీ పక్కనే, అర మీటరు లోపలే ఫ్యూజు పెట్టకుండా పని ముగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే జరిగేది అదే.

స్టాల్‌కి డబ్బుల్లేవు

1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశం. దేశం నలుమూలల నుంచి డీలర్లు వస్తారు. గాల్విన్ దగ్గర ఉన్నది ఒక రేడియో, ఒక కారు. స్టాల్ తీసుకునే స్తోమత లేదు. అయినా స్టూడీబేకర్‌లో రేడియో బిగించుకుని షికాగో నుంచి బయల్దేరాడు. 1,200 కిలోమీటర్లకి పైగా దూరం. లోపలికి వెళ్లే దారిలేక, సమావేశం జరిగేచోట బయటే కారు ఆపాడు. రేడియో సౌండ్ పెంచాడు. వచ్చేపోయేవాళ్లు ఆగేవారు. కారులోంచి పాటేంటి అని తల లోపలికి పెట్టి చూసేవారు. చిన్నప్పుడు హార్వర్డ్ స్టేషన్లో చేసిన పనే ఇది. జనం ఆగేచోట నిలబడటం, ఆగిన ఆ కాసేపట్లోనే రుచి చూపించడం. కంపెనీ బతకడానికి చాలినన్ని ఆర్డర్లతో తిరిగొచ్చాడు.

ఆ రేడియోకి పేరు కావాలి. మోటార్ అన్న మాటకి, అప్పట్లో విక్ట్రోలా లాంటి సంగీత యంత్రాల పేర్ల చివర వినిపించే ఓలా కలిపాడు. మోటరోలా అయింది. ఆ ఓలాకీ, మన క్యాబ్ ఓలాకీ ఏ చుట్టరికం లేదు!

ధర సుమారు 110 నుంచి 130 డాలర్లు. అప్పటి కొత్త ఫోర్డు కారు ధరలో ఐదో వంతుకి దగ్గర. ఇవాళ ఐదు లక్షల కారుకి లక్ష రూపాయల సిస్టమ్ పెట్టుకున్నట్టు. పైగా డ్రైవర్ ధ్యాస చెదురుతుంది, కారు రేడియోని నిషేధించాలి అన్న వాదన కూడా కొన్నిచోట్ల నడిచింది. మాంద్యం రోజుల్లో, అంత ధరకి, అంత వ్యతిరేకతలో ఇది ఎలా నిలబడింది?

బిగించడం కూడా ఇంజినీరింగే

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఫ్యాక్టరీలో ఎంత మంచి రేడియో చేసినా, ఊళ్లో బిగించేవాడికి చేతకాకపోతే వినిపించేది గరగరే. అప్పుడు జనం తిట్టేది బిగించినవాణ్ని కాదు, రేడియోని. గాల్విన్‌కి ఇది బాగా తెలుసు. అందుకే బిగించడాన్ని చిల్లర పని కింద వదిలేయలేదు. డీలర్లకీ, ఫిట్టర్లకీ ఆ పని ఎలా చేయాలో నేర్పించడం కంపెనీ పనిలో భాగమైంది. వేవరింగ్ లాంటి వాళ్లు ఆ పని మీదే నిలబడ్డారు. రేడియో డిజైన్ కూడా సులువుగా బిగించే వైపు మారుతూ వచ్చింది. నేల కింది బ్యాటరీలు పోయి, కారు బ్యాటరీతోనే అంతా నడిచే రోజొచ్చింది.

1934లో బి.ఎఫ్. గుడ్‌రిచ్ టైర్ల కంపెనీతో ఒప్పందం కుదిరింది. టైరు మార్చుకోవడానికి వచ్చినవాడు అక్కడే రేడియో కూడా బిగించుకుని పోవచ్చు. బిగింపుతో కలిపి ధర 55 డాలర్లకి దిగింది. నాలుగేళ్లలో సగానికి సగం. ఇంకోపక్క కార్ల కంపెనీలు ఫ్యాక్టరీలోనే రేడియో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. ఇవాళ మనం కంపెనీ స్టీరియో బాగోలేదని బయట మార్పిస్తున్నాం. అసలు ఆ కంపెనీ స్టీరియో పుట్టిందే బయట బిగించే షాపుల్లోంచి.

ఆ ఇద్దరు కుర్రాళ్ల సంగతి కూడా చెప్పాలి. విలియం లియర్ తర్వాత విమానాల వైపు వెళ్లి లియర్‌జెట్ తయారుచేశాడు. 1960లలో కారులో స్టీరియో పాటలు వినిపించే ఎయిట్ ట్రాక్ టేపు తెచ్చిందీ అతనే. ఎల్మర్ వేవరింగ్ మోటరోలాలోనే ఎదిగి కంపెనీ ప్రెసిడెంట్ అయ్యాడు. కారు ఆల్టర్నేటర్ల పని నడిపించినవాళ్లలో ఒకడు. అవును, నన్ను రెండు రోజులు కీచుతో ఏడిపించిన అదే ఆల్టర్నేటర్!

కారు నుంచి యుద్ధానికి, చంద్రుడి దాకా

కారులో ఇంత గోల మధ్య రేడియో వినిపించగలిగితే ఆ విద్య ఇంకెక్కడ పనికొస్తుంది? పోలీసు కారులో పనికొస్తుంది. 1936లో పోలీస్ క్రూయిజర్ అనే రేడియో తెచ్చారు. అదే ఏడాది గాల్విన్ యూరప్ వెళ్లాడు. జర్మనీని చూశాక యుద్ధం తప్పదని అర్థమై తిరిగొచ్చాడు. ఎవరూ అడగకముందే సైనికుడు చేత్తో పట్టుకునే రేడియో మీద పని మొదలైంది. 1940లో వచ్చిన హ్యాండీ టాకీ అదే. ఆ ఏడాదే డేనియల్ నోబుల్ అనే ప్రొఫెసర్‌ని కంపెనీలోకి తెచ్చుకున్నాడు. 1943కల్లా వీపున మోసే ఎఫ్‌ఎం వాకీటాకీ తయారైంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఆ రెండిటినీ వాడింది.

కంపెనీ ఎదుగుతున్న ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. 1942లో దొంగలు ఇంట్లో చొరబడి భార్య లిలియన్‌నీ, పనిమనిషినీ చంపేశారు. నేరస్తులు ఎవరో తేలలేదు. రెండు ఫ్యాక్టరీలు పోయినా లేచినవాడికి ఇది వేరే రకం దెబ్బ. దానికి మందు పని ఒక్కటే అని రాసేయడం సులువు గానీ, అది మనం చెప్పగలిగేది కాదు. పనిలో మాత్రం ఉన్నాడు.

1947లో కంపెనీ పేరునే మోటరోలా అని మార్చాడు. అదే ఏడాది లాభాల్లో ఉద్యోగులకి వాటా ఇచ్చే పద్ధతి పెట్టాడు. 63 డాలర్ల జీతాల రోజులు గుర్తుండే ఉంటాయి. 1949లో నోబుల్ సలహాతో ఫీనిక్స్‌లో పరిశోధనశాల మొదలైంది. అక్కడి పని ఫలితంగా 1955లో కారు రేడియోల కోసం పవర్ ట్రాన్సిస్టర్ వచ్చింది. బ్యాటరీ తాగేసే ట్యూబుల కాలం కారులో ముగియడం మొదలైంది. మీరు సెకండియర్‌లో బట్టీ పట్టే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ కారులోకి చేరిన దారి ఇదే.

1956లో కొడుకు రాబర్ట్ గాల్విన్‌కి ప్రెసిడెంట్ బాధ్యత అప్పగించాడు. 1959 నవంబరు 5న, 64 ఏళ్ల వయసులో, ల్యుకేమియాతో పాల్ గాల్విన్ కన్నుమూశాడు. ఆ తర్వాత పదేళ్లకి, 1969లో చంద్రుడి నుంచి మాటలు భూమికి చేర్చిన పరికరాల్లో మోటరోలాది ఒకటి. 1973లో చేత్తో పట్టుకునే మొదటి సెల్‌ఫోన్‌తో మాట్లాడింది ఆ కంపెనీ ఇంజినీరు మార్టిన్ కూపర్. అవేవీ గాల్విన్ చూడలేదు.

మనకేంటి ఇందులో?

ఓడినా లేవాలి, అంతేగా అనుకోవచ్చు మీరు. అది అందరూ చెప్పేదే. నాకు కనిపించింది ఇంకొకటి. గాల్విన్ కారు కనిపెట్టలేదు. రేడియో కనిపెట్టలేదు. రెండూ కలిసేచోట పుట్టిన గోలని తన పనిగా తీసుకున్నాడు. కారువాళ్లు అది రేడియో సమస్య అన్నారు, రేడియోవాళ్లకి అది కారు సమస్య. మధ్యలో ఎవరిదీ కాని ఆ జాగాలో ఇతను కంపెనీ కట్టాడు.

అలాంటి జాగాలు ఇప్పుడు ఇంకా ఎక్కువ. కొత్త కార్లలో స్టీరియో అంటే ఉత్త స్టీరియో కాదు. రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు, హెచ్చరిక శబ్దాలు అన్నీ దానికే కలిసి ఉంటాయి. పీకేసి కొత్తది పెడితే సగం పనులు ఆగిపోతాయి. అందుకే కంపెనీ యూనిట్ అలాగే ఉంచి, దాని సిగ్నల్ తీసుకుని డీఎస్‌పీ ద్వారా సరిచేసి ఆంప్లిఫయర్‌కి పంపుతున్నారు. వైరు కోస్తే వారంటీ పోయే ప్రమాదం ఉంది కాబట్టి సరిపోయే కప్లర్లు వాడుతున్నారు. ఎలక్ట్రిక్ కార్లలో స్పార్క్ ప్లగ్ లేదు నిజమే. కానీ మోటారుని నడిపే ఇన్వర్టర్ క్షణానికి వేలసార్లు కరెంటుని ఆన్, ఆఫ్ చేస్తుంది. 1930 నాటి గరగర వేషం మార్చుకుని వచ్చిందంతే.

ఈ గోల మీద పనిచేసే విద్యకి మన కోర్సులో పేరుంది.. ఈఎంఐ, ఈఎంసీ. చాలా కాలేజీల్లో అది ఎలక్టివ్, చాలామంది వదిలేసే చాప్టర్. వాహనాలు మార్కెట్లోకి రావాలంటే ఈ పరీక్షలు దాటాలి. మన దేశంలో ఏఐఎస్-004 ప్రమాణం దీనికి సంబంధించిందే. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలు ఆ పరీక్షలు చేస్తాయి. అంత దూరం కూడా వద్దు. విజయనగరం నుంచి విశాఖ వెళ్లే దారిలో గంభీరం దగ్గర సమీర్ సంస్థకి విద్యుదయస్కాంత ప్రభావాల మీద పనిచేసే కేంద్రం ఉంది. ఎన్నిసార్లో ఆ దారినే బస్సులో పరీక్షలకి వెళ్లాను. అక్కడేం చేస్తారో అప్పట్లో నాకు తెలీదు. ఆడియో డీఎస్‌పీ, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్, కారు లోపలి శబ్దాన్ని కొలిచే ఎన్‌వీహెచ్.. ఇవన్నీ ఉద్యోగాలున్న విభాగాలే.

ఖాళీగా ఉన్నన్నాళ్లు చేసే చిన్న పనిని దాచుకోకండి. చేసినది రాసిపెట్టుకోండి. సమస్య ఏంటి, ఏమేం అనుమానించారు, ఏది తప్పని తేలింది, చివరికి దేనితో సరయింది.. ఈ నాలుగు ముక్కలు ఉంటే అది ప్రాజెక్టే. నేను ఒక ఇంటర్వ్యూలో, నువ్వు సొంతంగా సరిచేసిన వస్తువేదైనా చెప్పు అని అడిగితే, కాలేజీ ప్రాజెక్టు పక్కనపెట్టి ఆ కీచు కథే చెప్పాను. పెయింట్ మీద బోల్టు బిగించిన నా తప్పుతో సహా. ఆ ఉద్యోగం రాలేదు. అదే కథ చెప్పిన తర్వాతి చోట వచ్చింది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే బావ ఫోన్ చేశాడు. ఒక కారులో పాట వెనక ఏదో శబ్దం వస్తోందట, ఓసారి రమ్మన్నాడు. బయల్దేరుతుంటే ఎక్కడికని ఎవరో చుట్టం అడిగారు. నాకంటే ముందే అమ్మ చెప్పింది.. కారులో ఏదో గోల ఉందట, వీడైతేనే పట్టుకోగలడట అని.